లక్కనగుండంలో చెమట మల్లుడు

ఉష్ణపురికి దూరం నుంచి వచ్చేవాళ్ళకు ముందు కోట కనిపించదు, ఆవిరి కనిపిస్తుంది. నేలలోంచి ఉబికే వేడినీటి ఊటల మీద కట్టిన నగరం అది. పొద్దు పొడిచేసరికి వీధివీధినా పాలనురగలాంటి ఆవిరి లేచి, మేడలను నడుములదాకా ముంచి, రాజసౌధపు బంగారు శిఖరాలను మాత్రం తామరమొగ్గల్లా పైన తేల్చి ఉంచుతుంది. తడిసిన నెమళ్ళు బురుజుల మీద బారులు తీరి పింఛాలు ఆరబెట్టుకుంటాయి. రాజాశ్వాల జూలు ఎవరి చేయీ పడకుండానే ఉంగరాలు తిరుగుతుంది. ఆ నగరంలో లేని సంపద లేదంటారు, ఎండిన అప్పడం తప్ప.

ఆ వైభవమంతా కళ్ళారా చూస్తూ పింగళికుడు ఆకాశంలోంచి కింద పడుతున్నాడు.

మోసుకొచ్చిన గండపక్షిని తప్పుపట్టడానికి లేదు. కోట పొలిమేరలో వదులుతానని మాట ఇచ్చింది, పొలిమేర రాగానే వదిలేసింది. నేలకు దిగి వదలమని ముందుగా అడగవలసింది పింగళికుడు. తర్కశాస్త్రం బోధించి జుట్టు నెరిసిన మనిషి, ఒక పక్షితో సరైన ఒప్పందం చేసుకోలేకపోయానే అని గాలిలోనే సిగ్గుపడ్డాడు. సిగ్గుపడటం పూర్తయ్యేలోగా గడ్డిబండి మీద పడ్డాడు. స్నానశాలల పొయ్యిలకు ఎండుగడ్డి తోలుకుపోతున్న బండి అది. దాని ముందు రాళ్ళబండి ఉంది, వెనక ముళ్ళకంప బండి ఉంది. రెండిటి నడుమ తనకు గడ్డి దొరకడం ఎంత దయో తలచుకుని, నోరారా తిడుతున్న బండివాడికి కూడా నమస్కారం పెట్టి దిగాడు.

ఇంతటి సాహసానికి ఇతన్నే ఎందుకు పంపారంటే, ఎవరూ పంపలేదు. వెళ్ళడానికి ఇంకెవరూ లేరు. హరిద్రాపుర యువరాజు జయకేతనుడికి గురువుగా, దేశాటనంలో తోడుగా వచ్చినవాడు అతను. పొట్టి మెడ, బానపొట్ట, నడివయసు దాటిన ఒంటరి మనిషి. పైగా చెమట. మాఘమాసపు చలిలో గ్రంథం విప్పినా తాటాకుల మీద చుక్కలు రాలేవి. బతికున్న రోజుల్లో భార్య కమలిని పూటకొక ఉత్తరీయం ఉతికి ఆరవేస్తూ, వానలు పడని ఏడాది మిమ్మల్ని పొలం గట్టున నిలబెడితే చాలు అనేది. ఆమె పోయాక ఉత్తరీయాలు తనే ఉతుక్కుంటున్నాడు. ఆరవేసే ముందు ఆమెలా ఒక్క విదిలింపుతో ముడతలు పోగొట్టడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

కథ అడ్డం తిరిగింది ఉష్ణపురి మల్లయుద్ధంలో. అక్కడ ఒక ఆచారం ఉంది. గెలిచిన మల్లుడికి ఒళ్ళంతా నూనె పట్టించి, వేడి గదిలో కూర్చోబెట్టి, కొడవలిలా వంగిన పదునులేని ఇత్తడి గీకుబద్దతో ఒంటిని గీస్తారు. చెమటా నూనే మట్టీ కలిసిన ఆ జిడ్డు కీళ్ళనొప్పులకు మందని జనం దొన్నెల్లో పట్టి అక్కడే ఒంటికి పూసుకుంటారు. కుండలో మిగిలినదాన్ని మల్లుడు తన చేత్తోనే పొయ్యిలో పారేయాలి. చెమటలో మనిషి ప్రాణం కొంత ఉంటుందని, దాన్ని పరుల చేతిలో వదలకూడదని వాళ్ళ నియమం. మల్లయుద్ధంలో గెలిచిన జయకేతనుడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. హరిద్రాపురంలో నూనెగానీ గంధంగానీ గిన్నె అడుగంటా వాడటం మర్యాద కాదు, పనివాళ్ళకు కొంత వదలాలి. ఆ మర్యాద కొద్దీ యువరాజు కుండ అడుగున కొంత జిడ్డు వదిలి, నవ్వుతూ వచ్చేశాడు.

రాజవైద్యుడి వేషంలో ఆ నగరంలో తిష్ఠ వేసిన మాంత్రికుడు ధూమ్రజటుడు దాన్ని మట్టిలో కలిపి, యువరాజు రూపాన బొమ్మ చేశాడు. ఆనాటి నుంచి జయకేతనుడు ఎండిపోతున్నాడు. ఏటి ఒడ్డున తపస్విని శబల పర్ణశాలలో పడుకోబెడితే, ఎన్ని నీళ్ళు పోసినా పెదవి తడవదు. చర్మం మీద గోరు గీస్తే బూడిద రాలుతుంది. ఆ బొమ్మను కాచి, దాని నుదుట మొదటి చెమటబొట్టు పుట్టించిన క్షణాన యువరాజు ప్రాణం పోతుందని, బొమ్మ లేచి అతని పేరుతో హరిద్రాపుర సింహాసనం ఎక్కుతుందని శబల చెప్పింది. బొమ్మను పగలగొట్టినా ప్రాణం పోతుందట. మాంత్రికుడు వాడుకోగా ఆ జిడ్డు ఏ కాస్త మిగిలినా తెచ్చి యువరాజు ఒంటికి పూస్తే బతుకుతాడు. గడువు ఈనాటి మధ్యాహ్న భేరి. యువరాజు ప్రాణం ఏ స్థితిలో ఉందో తెలియడానికి ఆమె ఒక తమలపాకును మంత్రించి పింగళికుడి దండచేతికి కట్టింది. అతను గడ్డిబండి దిగేసరికే ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగాయి.

బొమ్మ ఉన్నది మహాస్నానశాల నడిబొడ్డున. లోపలికి మల్లులకు, వాళ్ళ వెంట వచ్చేవాళ్ళకు తప్ప ప్రవేశం లేదు. అందుచేత పింగళికుడు ఉత్తరీయం విప్పి, లంగోటా బిగించి, ఒంటికి ఎర్రమట్టి పూసుకుని మల్లుడయ్యాడు. నీటికుంటలో నీడ చూసుకుంటే పండక్కి అలికిన గాదెలా కనిపించాడు. పండితుడి పొట్టకూ మల్లుడి పొట్టకూ ఉన్న తేడా కనిపెట్టే తీరిక కావలివాళ్ళకు లేకుండా చూడమని కులదేవతను వేడుకుని ద్వారం వైపు నడిచాడు.

కులదేవతకు ఆ పూట వేరే పని ఉన్నట్టుంది. ద్వారం దగ్గర బండశిరుడనే మల్లుడు, తలుపుకు బదులు వాడుకోదగ్గ మనిషి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ ఊరని అడిగితే పింగళికుడు మహిషగిరి అన్నాడు. గురువెవరని అడిగితే ఆయన తపస్సులో ఉన్నాడన్నాడు. నీకు పేరు తెచ్చిన పట్టేదని అడిగేసరికి మల్లవిద్యలో ఒక్క మాటా గుర్తురాక, తర్కశాస్త్రంలోంచి నోటికి దొరికిన పదం వదిలాడు.

"అవచ్ఛేదక పట్టు."

బండశిరుడు ఆ మాటను ఒకసారి లోలోపల నమిలి చూశాడు. మింగుడుపడలేదు.

"వింటేనే భయంగా ఉంది. ఆ పట్టేందో ఓసారి నా మీద చూపించి లోపలికి పో."

చుట్టూ జనం మూగారు. పింగళికుడికి భయం వేసింది. భయం వేస్తే అతనికి ఏమవుతుందో మనకు తెలుసు. నెత్తి నుంచి పాదాల దాకా కట్ట తెగినట్టు కారిపోసాగింది. బండశిరుడు రంకె వేసి వచ్చి రెండు భుజాలూ ఒడిసిపట్టాడు. భుజాలు బురదమట్ట చేపల్లా జారిపోయాయి. నడుము పట్టాడు, నడుమూ జారింది. ఈసారి వెనక నుంచి వచ్చి, బలమంతా కూడదీసి, ఏనుగును ఎత్తేవాడిలా పొట్టచుట్టూ చేతులు బిగించి పైకి లాగాడు. చేతులు ఉత్తినే పైకి వచ్చాయి. లాగిన విసురుకు తనే వెనక్కి తూలి, వెనకున్న నూనె కొప్పెరలో కూర్చున్నాడు. సాయానికి ఉరికిన రెండో కావలివాడు పింగళికుడి చుట్టూ అప్పటికే చేరిన మడుగులో కాలు వేసి, కూర్చున్నవాడి ఒళ్ళోకే వెళ్ళాడు.

పింగళికుడు చేసిందల్లా కళ్ళు మూసుకుని నిలబడటం. కళ్ళు తెరిచేసరికి జనం చెమట మల్లుడికి జేజేలు కొడుతున్నారు. భుజాల మీద ఊరేగించబోయి, ఎత్తినప్పుడల్లా జారిపోతుంటే, చివరికి దుంగలు మోసే తోపుడుబండిలో వేసి లోపలికి తోశారు.

ఆ మహాస్నానశాల చూసితీరవలసింది. చంద్రకాంతపు నేల, గోడల నిండా మొసళ్ళ నోళ్ళలోంచి దూకే వేడినీళ్ళు, పైకప్పు నుంచి వేలాడే గంధపు తొట్లు. ఒక గది గోరువెచ్చన, దాని తరువాతి గది ఆవిరి. అన్నిటికీ నడుమ నల్లరాతి గుమ్మటంతో ఒక గుండ్రటి గది. పూర్వం ఓడల మీద వచ్చిన యవన శిల్పులు కట్టారట. నీటిచుక్క లేకుండా, కేవలం పొడివేడితో మనిషిని చెమర్పించడానికి వాళ్ళ దేశంలో అలాంటి గదులుంటాయి. వాళ్ళు దాన్ని లకోనికుం అన్నారు. ఉష్ణపురి జనానికి నోరు తిరగక లక్కనగుండం అని ఊరుకున్నారు. గుమ్మటం నడినెత్తిన ఒక కన్నం, కన్నం మీద గొలుసులకు వేలాడే కంచుమూత. మూత లేపితే వేడి పైకి పోతుంది. దించితే లోపల రాయికి కూడా చెమట పడుతుంది. యువరాజు బొమ్మ ఆ గుండంలోనే ఉంది. మధ్యాహ్న భేరి మోగగానే మూత దించుతారు.

పింగళికుణ్ణి ఆవిరి గదిలో అరుగు మీద కూర్చోబెట్టారు. గీకే ఆడవాళ్ళకు పెద్ద అయిన మల్లసాని వచ్చింది. ముంజేతులు చెక్కలా గట్టిపడిన మనిషి, మాటలూ అంతే. గీకుబద్ద ఒక్కసారి వీపు మీద లాగి, కుండలోకి చూసి, ఇంకో కుండ తెమ్మంది. ఆ తరువాత ఇంకొకటి తెమ్మంది. ఇలాంటి పంట తన చేతుల మీదుగా ఎన్నడూ చూడలేదని, ఈ మల్లుణ్ణి పట్టణంలోనే ఉంచుకుంటే ముసలివాళ్ళంతా గంతులేస్తారని పక్కవాళ్ళతో చెప్పింది. వార్త పొక్కి, వాకిట దొన్నెలు పట్టుకుని బారు కట్టారు. ఒక ముసలమ్మ మోకాళ్ళకు పూసుకుని, లేచి కాస్త నడిచి, చిన్నపిల్లలా నవ్వింది. అది మందు కాదని పింగళికుడు తర్కంతో నిరూపించగలడు. ఆమె నవ్వు చూసి ఆ ప్రయత్నం మానుకున్నాడు. జన్మలో మొదటిసారి తన చెమట వల్ల ఒకరు ముక్కు మూసుకోకుండా దగ్గరికి వచ్చారు.

అంతలో జనం పక్కకు తప్పుకున్నారు. ధూమ్రజటుడు వచ్చాడు. పొగరంగు జడలు, చేతిలో పుర్రెపిడి దండం. అంతటి ఆవిరిలోనూ అతని నుదుటి విభూతి పొడిపొడిగానే ఉంది. కుండలో వేలు ముంచి, బంగారం గీటు చూసే కంసాలిలా వెలుగుకు పట్టి చూశాడు. ఇలాంటివాడు ఒక్కడుంటే చాలు, మట్టితో సైన్యమే నిలబెట్టవచ్చని మెచ్చుకున్నాడు. భేరి పని ముగియగానే ఇతని సంగతి చూస్తాననీ, అంతదాకా కదలనివ్వద్దనీ చెప్పి వెళ్ళిపోయాడు. తనలోని గొప్పతనాన్ని గుర్తించే ప్రభువు ఏనాటికైనా దొరుకుతాడని పింగళికుడు పడుచుతనంలో కలలు కనేవాడు. దొరికాడు.

జనాన్ని బయటికి పంపి మల్లసాని తలుపు చేరవేసింది.

"మీరు మల్లులు కాదుగదా, అయ్యవారూ."

పింగళికుడు మహిషగిరి సంగతి మళ్ళీ ఎత్తుకోబోయాడు. ఆమె గీకుబద్ద చూపించి ఊరుకోబెట్టింది.

"గీకినంతసేపూ చెయ్యి నొప్పి పుడతందా అమ్మా అని అడుగుతానే ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాటడిగినోడు ఒక్కడే. మొన్న గెలిచిన రాజుబిడ్డ. అడగడమే కాదు, కాసేపు కూసోమని పీట కూడా జరిపాడు."

ఇక దాచి లాభం లేదు. పింగళికుడు ఉన్నదంతా చెప్పి, మిగిలిన జిడ్డు ఎక్కడుందో చూపించమని చేతులు జోడించాడు. మల్లసాని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ కుండ కడిగింది తనేనంది. జిడ్డంతా మాంత్రికుడు మట్టిలోనే పిసికేశాడని, గోరంత కూడా మిగల్లేదని చెప్పింది. దండకు కట్టిన ఆకు అప్పటికి చుట్టచుట్టుకుపోయి, ఈనె ఒక్కటే పచ్చగా ఉంది. అది చూసి పింగళికుడు అరుగు మీద కూలబడ్డాడు. కనీసం ఆ బొమ్మ ముఖమైనా ఒకసారి చూస్తానన్నాడు.

ఈ మనిషిని ఆ గదిలోకి పంపడమంటేనే ఆమెకు భయం వేసింది. తాము గుండంలోకి వెళ్ళేముందు ఒళ్ళంతా తవుడుతో రుద్దుకుని, పొడిగుడ్డలు చుట్టుకుని వెళతామని, బొమ్మ మీద తమ చుక్క పడితే ధూమ్రజటుడు చేతులు నరికిస్తాడని చెప్పింది. ఎందుకని అడిగాడు. బొమ్మ ఇంకా పచ్చిది కదా, కాలేలోగా ఎవరి చెమట ఎక్కువ తాగితే వాళ్ళ పోలిక పడుతుందంది.

పింగళికుడు తల ఎత్తాడు. ఎన్నో ఏళ్ళు పిల్లలకు తర్కం చెప్పాడు గానీ, ఏ ప్రశ్నకూ ఇంత త్వరగా సమాధానం తట్టలేదు. సమాధానం కూడా కణతల మీదుగా కారుతూ వచ్చింది. అతని చూపు చూసి మల్లసానికీ అర్థమైంది.

"వద్దయ్యా. అది మీదైతే, దానికి చెమట పట్టినప్పుడు పోయే ప్రాణం మీది."

"ఇన్నాళ్ళూ బట్టలు పాడు చేయడానికే పనికొచ్చిందమ్మా ఈ చెమట," అన్నాడు పింగళికుడు. "ఒక్కసారి మంచిపనికి పోనీ."

గొప్ప మాటే. ఆ మాట అంటున్నప్పుడు బయటి తలుపు వైపు చూడకుండా ఉంటే ఇంకా బాగుండేది.

గుండం పెద్దతలుపు తాళంచెవి మాంత్రికుడి మొలలో ఉంటుంది. పొయ్యికి బొగ్గులు తోసే దొడ్డిదారి ఒకటి గోడలో ఉంది. మల్లసాని దాని రేకు లేపింది. పింగళికుడు తల దూర్చాడు, భుజాలు దూర్చాడు, పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. ముందుకూ పోడు, వెనక్కీ రాడు. ఎదుట నిప్పులవేడి, వెనక మల్లసాని. వీరుల కథల్లో వీరుడు బిలంలోకి దూకుతాడని చదివాడే గానీ, బిలం పట్టకపోతే ఏం చేయాలో ఏ గ్రంథంలోనూ చదవలేదు. మల్లసాని కాలితో ఒక్క తోపు తోసింది. చెమట మిగతా పని చూసుకుంది. సబ్బుముక్కలా జారి, గుండం నడుమ బోర్లా పడ్డాడు.

లోపల గాలి కూడా కాలుతోంది. ఎర్రగా కాగిన బండల వలయం మధ్య జయకేతనుడు పద్మాసనంలో కూర్చుని ఉన్నాడు. అదే నుదురు, అదే చెవిపోగు, తప్పు చెప్పి దొరికిపోయినప్పుడు పెదవి చివర మెదిలే అదే నవ్వు. బొమ్మ అని తెలిసినా పింగళికుడు పేరు పెట్టి పిలవబోయాడు. ముందు నీళ్ళిమ్మని అడుగుతాడేమో అనిపించింది. పైన కన్నంలోంచి పడే ఎండ గోడ దిగి, నేల మీదుగా బొమ్మ ఒడిదాకా వచ్చేసింది. భేరికి ఎంతోసేపు లేదు.

అతను బొమ్మను కౌగిలించుకున్నాడు.

బిడ్డలు లేని మనిషి. ఈ కుర్రవాణ్ణి అక్షరాభ్యాసం నాడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, ఆ తరువాత రాజమర్యాద అడ్డొచ్చింది. ఇప్పుడు ఏ మర్యాదా అడ్డులేదు. నుదురు నుదుటికి ఆనించి, గుండె గుండెకు అదిమి, కారినంతా కారనిచ్చాడు. మట్టి గుటకలు వేస్తున్నట్టు తాగింది. రొమ్ము తడిసింది, భుజాలు తడిశాయి. చెవిపోగు మెత్తబడి జారింది. కోటేరులాంటి ముక్కు కాస్త చప్పిడి అయింది. కొనదేలిన గడ్డం కిందికి మరో గడ్డం దిగింది. నడుము దగ్గర మొదలైన పొంగు ఆగక పెరిగి పెరిగి, కౌగిలికి పట్టనంతైంది. అందమైన యువరాజు తన చేతుల్లోనే తనలా మారిపోతుంటే, మట్టికైనా ఇంత అన్యాయం చేయకూడదని పింగళికుడికి మనసులో అనిపించింది.

దండ మీద చల్లగా తగిలింది. చూసుకుంటే తమలపాకు అప్పుడే తీగ నుంచి తెంపినట్టు పచ్చగా, నిగనిగలాడుతూ విప్పారి ఉంది. ఏటి ఒడ్డున జయకేతనుడి పెదవి తడిసి ఉంటుంది. ఆ పక్కన శబల మంచినీళ్ళ ముంత పట్టుకుని కూర్చునే ఉంటుంది. అది తలచుకుని అతను కళ్ళు తుడుచుకోబోయాడు.

కళ్ళు పొడిగా ఉన్నాయి. నుదురు పొడిగా ఉంది. చంకలు, వీపు, మెడ మడతలు, జీవితంలో ఏనాడూ ఆరని చోట్లన్నీ ఆరిపోయాయి. గోరుతో ముంజేయి గీసి చూసుకుంటే సన్నగా బూడిద రాలింది. ఒప్పందం కుదిరిందన్నమాట.

నగరమంతా అదిరేట్టు భేరి మోగింది. పైన గొలుసులు కరకరలాడాయి. కంచుమూత ఎండను మింగుతూ కన్నం మీద కూర్చుంది. వేడి పైకి పోయే దారి మూసుకుని నలుపక్కల నుంచీ కమ్ముకుంది. చీకట్లో బండల ఎరుపు ఒక్కటే వెలుగు. పింగళికుడు బొమ్మను చంకల కింద పట్టుకుని దొడ్డిదారి వైపు ఈడ్చాడు. తన బరువు ఎంతో అతనికి ఆనాడు తెలిసింది. గండపక్షి మీద చాలా గౌరవం కలిగింది. రేకు దగ్గర ఇద్దరూ పట్టరు. బొమ్మను ముందు తోస్తే పొట్ట అడ్డు. తోసినా జారడానికి ఇప్పుడు చెమట లేదు.

రేకు సందులోంచి మల్లసాని చేయి లోపలికి వచ్చింది. అందులో తాటాకు విసనకర్ర ఉంది. దాని వెంట చల్లటి గాలి ఒక పాయ వచ్చింది. వచ్చేది ఆ కాస్త గాలే అయినా, వచ్చింది కదా అని పింగళికుడు బొమ్మను దానికి ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులా విసరసాగాడు.

ఆ వేడికి, చెమట ఇంకా పట్టకముందే, బొమ్మ కళ్ళు తెరిచింది. ఎర్రటి వెలుగులో అటూ ఇటూ చూసి, అతని గొంతుతోనే, అతని నసుగుడుతోనే అడిగింది.

"ఇక్కడ కాస్త ఉక్కగా లేదూ?"

"లేదు, లేదు. చల్లగానే ఉంది," అన్నాడు పింగళికుడు.

ఒక్క బొట్టు. ఆ ముఖం మీద ఒక్క బొట్టు పుట్టకుండా చూసుకుంటే తను బతుకుతాడు. ఆ ముఖం ఎవరిదో అతనికి బాగా తెలుసు. దానికి ఎండైతే చెమట, మెట్లెక్కితే చెమట, కొత్తవాళ్ళు పలకరిస్తే చెమట, చెమట పడుతుందేమో అనుకుంటే చెమట. లోకంలో ఇంకెవరి బొమ్మ అయినా ఈ గండం గట్టెక్కవచ్చు.

పెద్దతలుపు అవతల అడుగుల చప్పుడయింది. తాళంలో చెవి తిరిగింది. పుర్రెపిడి దండం నేలకు తాటించిన చప్పుడుకు బొమ్మ ఉలిక్కిపడి, మట్టిచేత్తో అతని చేయి పట్టుకుంది.

"ఎవరో వస్తున్నారు. మనల్ని చంపేస్తారా?"

పింగళికుడు విసనకర్ర ఆపకుండానే ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పిల్లలకు కఠినమైన పాఠం మొదలుపెట్టేటప్పుడు వాడే మెత్తటి గొంతు తెచ్చుకుని, భయపడకు అన్నాడు. అలా చెబితే తను ఎన్నడూ నమ్మలేదని చెప్పాక గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకుంది. వెలుగు వచ్చి బొమ్మ ముఖం మీద పడింది. రెండు కనుబొమల నడుమ, ఆవగింజంత, ఏదో మెరవడం మొదలుపెట్టింది.